దూది పుస్తకం

మొన్న శుక్రవారం పొద్దున లైబ్రరీ తలుపులు తీసి పేపర్లు బల్ల మీద సర్దుతుంటే గుమ్మం దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. మా లైబ్రరీలోకి చెప్పులు విడిచి వచ్చేంత భక్తి ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. ఎవరా అని తలెత్తి చూస్తే పరుపుల మామ భార్య. కొంగు తల మీదుగా కప్పుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంది.

"రా అత్తా, లోపలికి రా. అక్కడే నిలబడ్డావేం?"

"నేనేం చదవటానికి రాలేదులే అమ్మాయ్. మీ మామ చదివే ఆ దూది పుస్తకం ఉందా?"

ఇంకో లైబ్రేరియన్ ఎవరైనా అయితే పత్తి సాగు పుస్తకాల వరస చూపించి ఉండేవాళ్ళు. పత్తి పండే ప్రాంతం కదా, ఆ పుస్తకాలకు మా దగ్గర కొదవ లేదు. నేను మాత్రం నేరుగా కిటికీ పక్క బీరువా తెరిచి ఖగోళశాస్త్రం పుస్తకం తీశాను. గ్రహాల గురించి, నక్షత్రాల గురించి మామూలు జనం కోసం తేలిక తెలుగులో రాసిన పుస్తకం అది. పత్తి పంట గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా వినుకొండలో మా పేటంతటికీ అది దూది పుస్తకమే. ఆ పేరు పెట్టిన మనిషి ఈ ఎండాకాలంలో పోయాడు.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా మా పేటలో సగం మందికి ఎవరో తెలియదు. పరుపుల మామ అంటే మాత్రం బస్టాండులో దిగినవాడిని చేయి పట్టుకుని ఇంటిదాకా తీసుకొచ్చి దించేవాళ్ళు. సాయిబుల వీధి మొదట్లో దూది ఏకే మిషను, దాని పక్కన పరుపులు కుట్టే అరుగు, ఆ అరుగు మీద మామ. తల మీద, గడ్డంలో, కనుబొమల మీద ఎప్పుడూ దూది. ఆయన గడ్డం ఎప్పుడు నెరిసిందో అందుకే ఎవరికీ తెలియలేదు.

ఆయన్ని మొదటిసారి లైబ్రరీకి పిలిపించింది పుస్తకాల కోసం కాదు. నా కుర్చీలో దిండు అణిగిపోయి అట్టముక్కలా తయారైంది. కొత్త దూది పెట్టి కుట్టమని కబురు చేశాను. వచ్చాడు. దిండు చేతిలోకి తీసుకుని, నొక్కి, వాసన చూసి, మొహం చిట్లించాడు.

"ఎవడు కుట్టాడు దీన్ని?"

ఏ పరుపు చూసినా, ఏ దిండు చూసినా ఆయన మొదటి మాట అదే. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా కూర్చోబోయే ముందు పరుపు నొక్కి అదే ప్రశ్న అడిగేవాడు. "నువ్వే కుట్టావు మామా, మర్చిపోయావా?" అని గుర్తు చేశాను. "అందుకే ఇన్నాళ్ళు ఆగింది" అన్నాడు తడుముకోకుండా.

అంతలో ఆయన చూపు నా బల్ల మీద పడింది. అప్పుడే కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. పైన ఈ పుస్తకం ఉంది. అట్ట మీద నల్లటి ఆకాశంలో తెల్లగా, అంచుల్లో ఎర్రగా విచ్చుకుని ఉన్న నిహారిక ఫోటో.

"ఈ దూది ఎక్కడిది అమ్మాయ్? చానా బాగా ఏకారే!"

"అది దూది కాదు మామా. మేఘం. నక్షత్రాలు అందులోనే పుడతాయి. మనకు ఊహకు కూడా అందనంత దూరంలో ఉంది."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి పకపకా నవ్వాడు. "బుద్ధెరిగినకాడ్నించీ దూది ఏకతన్నోణ్ణి, నాకు చెప్తన్నావా? ఆ పింజెలు చూడు. ఆ విడిపోయిన తీరు చూడు. ఇది దూది కాకపోతే నేను గడ్డం తీయించుకుంటా."

"అయితే చదివి చూడు."

"చదవతా. దూది అని ఎక్కడో ఒకచోట రాసే ఉంటది. ఏలు పెట్టి చూపిస్తా నీకు."

అదీ మొదలు. జ్ఞానం కోసం కాదు, నన్ను ఓడించడం కోసం ఆ మనిషి చదవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మిషను కాసేపు ఆపేసి వచ్చేవాడు. ఫ్యాను కింద కూర్చునేవాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ, వేలు జరుపుకుంటూ, పైకి చదివేవాడు. ఫ్యాను తిరిగే కొద్దీ ఆయన ఒంటి మీది దూది లేచి లైబ్రరీ అంతా తిరిగేది. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు తుమ్మేవాళ్ళు. నాకు అసలే ముక్కు మీద కోపం.

"మామా, గొంతు తగ్గించి చదువు."

"తగ్గిస్తే నాకే వినపడదు. ఇంక బుర్రకెట్టా ఎక్కిద్ది?"

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, ముందురోజు ఇంటికి తీసుకెళ్ళిన పుస్తకం తెరిచి పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. నా ముందు పెట్టి, ఒక వాక్యం మీద వేలు గుచ్చి, "చదువు. పైకి చదువు. అందరికీ వినపడేట్టు చదువు" అన్నాడు. చదివాను. ఆ పుస్తకం రాసినాయన నిహారికను వర్ణిస్తూ, చూడటానికి ఏకిన దూదిలాగా ఉంటుందని రాశాడు. నా ఖర్మ.

"లాగా అన్నాడు మామా. దూది అనలేదు."

"రాసినాయన మర్యాదస్తుడు. నీ పరువు పోకుండా లాగా అన్నాడు."

లైబ్రరీ అంతా గొల్లుమంది. ఆ రోజు నుంచే దానికి దూది పుస్తకం అనే పేరు స్థిరపడింది.

గెలిచేశాడు కాబట్టి అక్కడితో ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు. దూది కోసం వెతుకుతూ వెళ్ళినవాడు దారిలో చంద్రుడి మీద గుంతలు చూశాడు, తోకచుక్కలు చూశాడు, సూర్యుడు కూడా ఒక నక్షత్రమేనని చదివాడు. ఇంక ఆ పుస్తకం ఆయన్ని వదలలేదు. ఇన్నేళ్ళుగా పుస్తకాలు ఇస్తున్నాను, తీసుకుంటున్నాను. ఉద్యోగం కోసం చదివేవాళ్ళను చూశాను, పొద్దుపోక చదివేవాళ్ళను చూశాను. చదివి, పుస్తకం మూసి, బయటికి పోయి ఆకాశం వంక చూసి మళ్ళీ లోపలికొచ్చి ఆ పేజీయే తెరిచిన మనిషిని మాత్రం ఈయన్నొక్కణ్ణే చూశాను. మిట్టమధ్యాహ్నం ఆకాశంలో ఏం కనపడుతుందని అడిగితే, "ఎండకి కనపడటంలా అంతే, అయ్యన్నీ అక్కడే ఉన్నయ్యంటగా" అన్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ పేజీ నేనూ చదివాను. చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు.

"అమ్మాయ్, ఒక్క మాట" అన్నాడంటే నా పని ఆ పూటకు అయిపోయినట్టే. ఆ నక్షత్రాల దగ్గర కూడా మన వినుకొండ ఎండలు ఉంటాయా అనేవాడు. బస్సులో నరసరావుపేట పోతుంటే చంద్రుడు కూడా పక్కనే వచ్చాడు, వెల్దుర్తి పోయేవాడికి కూడా పక్కనే వెళ్తాడా అనేవాడు. సగం ప్రశ్నలకు నాకు జవాబు తెలియదు. పరీక్షల పిల్లలు ఓపిగ్గా చెప్పేవాళ్ళు. వాళ్ళు చెప్పింది విని, తలూపి, దుకాణానికి వెళ్ళి దాన్ని తన పద్ధతిలో తిరగరాసి జనానికి పంచేవాడు. శుక్రగ్రహం మీద నిప్పులు చెరిగే వేడి అని చదివిన రోజున, "ఏం లేదురా, అది ఆకాశంలో రెంటచింతల" అని చెప్పాడట. రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్ళకు అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

వీధి చివర టీకొట్టు అబ్బులుకి మాత్రం ఆయనంటే హడల్. ఒకరోజు పదిమంది ముందు, "ఒరేయ్ అబ్బులూ, సూర్యుడి వెలుగు అంత దూరం నించి మనదాకా రావటానికి ఎనిమిది నిమిషాలు పట్టిద్దంట. నీ టీ ఆ పొయ్యి కాడ్నించి ఇక్కడికి రావటానికి అంతకంటే ఎక్కువ పడతందేందిరా?" అన్నాడు. అప్పటి నుంచి ఎవరు టీ చెప్పినా, "వెలుగు కంటే ముందు తేవాలి" అనడం మా వీధిలో అలవాటైపోయింది.

ఇదంతా మనకు సరదా. అత్తకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. కుట్టాల్సిన పరుపులు మూలన పడి ఉండేవి. దానికి తోడు ఆయనకు ఒక పాత జబ్బుంది. కుడుతూ కుడుతూ ఎవరైనా పిలిస్తే సూదిని ఏదో ఒక దూది ఉండకు గుచ్చి లేచేవాడు. పరుపు కుట్టే సూది అంటే జానెడు పొడుగుంటుంది. అంతటిదాన్ని కూడా ఎక్కడ గుచ్చాడో మర్చిపోయేవాడు. "ఏమే, నా సూది చూశావా?" అన్న కేక రోజుకోసారైనా వీధి చివరకు వినిపించేది. ఇల్లంతా దూదే, ఎక్కడని వెతుకుతుంది ఆమె? ఒకసారి పెళ్ళివారికి పరుపు పంపేసి, సూది కనపడక, అందులోనే ఉండిపోయిందేమోనని పెదకూరపాడు దాకా పోయాడు. పెళ్ళివారి ఇంట్లో పరుపంతా పిసికి పిసికి చూసి, లేదని తేలాక, "చానా బాగా కుదిరింది, పడుకోండి" అని చెప్పి వచ్చాడు. సూది ఆయన టోపీలో ఉంది.

"ఈయనకి శని పట్టింది అమ్మాయ్, నీ పుస్తకం వల్లే" అని అత్త నా మీదికి వచ్చేది. అప్పటికి నిజంగానే శని పట్టింది. పుస్తకంలో శనిగ్రహం బొమ్మ చూసినప్పటి నుంచి ఆయన మనసు మనసులో లేదు. గుండ్రటి గ్రహం, చుట్టూ వలయం, మధ్యలో ఖాళీ.

"ఇంత సోకైనదాన్ని పట్టుకుని జనం తిడతారేందమ్మాయ్? నూనె పోసి పొమ్మంటారేంది?" అని వాపోయాడు. ఆ తర్వాత కుట్టుపనివాడి కన్నుతో చాలాసేపు ఆ బొమ్మనే చూసి, "చుట్టూ ఉన్న ఉంగరం లోపలి ఉండకి ఎక్కడా తగలటంలా. అంటించలా, కుట్టలా. ఎట్టా నిలబడింది?" అన్నాడు. అది ఆయన బుర్రలో దూరిన జోరీగ. దాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలి, చూస్తే తెలిసిపోతుంది అనేవాడు. ఏదైనా కుట్టు కనపడితే తన కంటికే కనపడాలని ఆయన ధీమా.

కానీ ఆ కళ్ళే ఆయనకు ఎదురు తిరిగాయి.

మొదట పుస్తకం పట్టుకుని గుమ్మంలో వెలుతురుకు కూర్చోవడం మొదలుపెట్టాడు. తర్వాత లైబ్రరీలో బల్బులు బాగాలేవని నా మీద నెపం పెట్టాడు. కుట్లు వంకర పోతుంటే దారం మీద పెట్టాడు. ఆ రోజుల్లోనే ఈ పుస్తకం కుట్టు ఊడితే నాకు చెప్పకుండా పరుపు దారంతో కుట్టేశాడు. ప్రభుత్వం సొత్తును పరుపులా కుడతావా అని కేకలేశాను. "కాయితాలు ఊడిపోయినా నా కుట్టు ఊడదు" అన్నాడు గర్వంగా. కుట్టు మాత్రం పుస్తకానికి ఏటవాలుగా పోయింది. రెండు కళ్ళలో శుక్లాలని ఊరందరికీ తెలుసు. ఉచిత క్యాంపులో ఆపరేషను చేయించుకోమంటే ఆయనకు ఎక్కడలేని భయం.

"సూదితో బతికినోణ్ణి. సూది ఏం చేసిద్దో నాకంటే ఎవరికి తెలుసు? దాన్ని తెచ్చి నా కంట్లో పెడతారా? సచ్చినా రాను."

అత్త ఏడ్చింది. కొడుకులు బతిమాలారు. డాక్టరు చెప్పాడు. ఉహూఁ. పైగా నా దగ్గరకొచ్చి, "అమ్మాయ్, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడతన్నయ్. నువ్వు చదువు, నేను వింటా" అన్నాడు. అలా చూపు లేకుండానే గడిపేద్దామని ఆయన ఎత్తు.

సరేనని మధ్యాహ్నాలు చదవడం మొదలుపెట్టాను. శనిగ్రహం అధ్యాయం వచ్చింది. దాన్ని మొదటిసారి దుర్భిణిలో చూసిన పండితుడికి వలయం సరిగ్గా అంతుబట్టక, గ్రహానికి రెండు పక్కలా చెవులున్నాయని అనుకున్నాడని అందులో ఉంది. మామ చేతులు చరిచాడు. "ఆయనక్కూడా నాకుమల్లే కంట్లో పొరేమో పాపం!" అన్నాడు. ఆ తర్వాతి పేజీలో ఆయనకు కావలసిన సంగతి ఉంది. ఏమీ తగలకుండా ఆ వలయం ఎలా నిలబడిందో వివరంగా ఉంది. నేను పుస్తకం మూసేశాను.

"అదేంది? చదువు."

"చదవను. కళ్ళు బాగు చేయించుకొచ్చి నువ్వే చదువుకో."

"అమ్మాయ్, ఇది అన్యాయం."

"అన్యాయమే."

బతిమాలాడు. కోప్పడ్డాడు. నా దిండులో మిల్లు చెత్త కూరుతానని బెదిరించాడు. నేను పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను. పరీక్షల పిల్లలను పట్టుకుని నోటితో చెప్పమని అడిగాడు. నేను ముందే వాళ్ళందరికీ చెప్పి పెట్టాను, ఎవరైనా శనిగ్రహం పేరెత్తితే లైబ్రరీలోకి రానివ్వనని. నా నోటికి భయపడి ఒక్కడూ పెదవి విప్పలేదు. మామ అలిగి రావడం మానేశాడు. ఈ మొండితనం మీద నాకు ఇప్పటికీ గర్వమే.

ఆ చలికాలంలోనే హైస్కూలు సైన్సు మాస్టారు ఎక్కడి నుంచో ఒక దుర్భిణి తెచ్చారు. సాయంత్రం పొద్దు వాలగానే స్కూలు మైదానంలో పెట్టి పిల్లలకు, పెద్దలకు చూపిస్తారని ఊళ్ళో చెప్పారు. శనిగ్రహం కూడా కనపడుతుందట. ఇంక మామను పట్టేవాడెవడు? నా పుస్తకంతో పనేముంది, నేరుగా చూసేస్తానని అబ్బులు టీకొట్టు దగ్గర సవాలు చేసి మరీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త టోపీ. వరసలో నా ముందు నిలబడి, నావైపు తిరిగి చూడకుండా, "కొంతమందికి తాళంచెవులుంటయ్. మనకి ఆకాశం ఉంది" అన్నాడు గాలిలోకి.

ఆయన ముందు చూసిన ప్రతి మనిషీ కేకే. "అబ్బా, ఉంగరం!" "అమ్మో, బొమ్మ అతికించినట్టుందే!" ఆయన వంతు వచ్చింది. వంగి, కన్ను పెట్టాడు. ఆ కన్ను తీసి ఈ కన్ను పెట్టాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ పెట్టాడు. మాస్టారు, "కనపడుతోందా తాతా?" అన్నారు.

"నాకు దూదే కనపడతంది అయ్యా" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు కొత్త టోపీ తీసి చేతిలో పట్టుకుని నా పక్కనే నడిచాడు. మా గేటు దగ్గర ఆగి, నేల చూపులు చూస్తూ అడిగాడు.

"అమ్మాయ్, ఆ కళ్ళ ఆపరేషను క్యాంపు మళ్ళా ఎప్పుడు పెడతారంట?"

నరసరావుపేటలో చేశారు. ఒక కంటికి ముందు, కొన్నాళ్ళాగి రెండో కంటికి. నల్లద్దాలు పెట్టుకుని సినిమా హీరోలా అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఆ డాక్టరు గురించే చెప్పాడు. "సూది ఎప్పుడు పెట్టాడో, ఎప్పుడు తీశాడో తెలవనే లా. మంచి పనోడు. పరుపుల పనిలోకి వచ్చినా పైకొచ్చేవాడు." అద్దాలు తీసిన రోజున అత్తను చూసి, "ఏమే, నీకిన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయ్?" అన్నాడట. "నీ పక్కన బతికితే రాక చస్తయ్యా?" అందట ఆమె. లైబ్రరీకి వచ్చి నాలుగు గోడలూ చూసి, "ఇంత మురిగ్గా ఉండేదా ఇది?" అన్నాడు. ఆ గోడల నిండా ఉన్నది ఆయన దూదే.

బీరువా తాళం తీసి పుస్తకం చేతిలో పెట్టాను. అక్కడే కూర్చుని ఆ పేజీ చదివాడు. వలయం ఒకటే ముక్క కాదనీ, లెక్కలేనన్ని మంచు ముక్కలు దేని దారిన అది గ్రహం చుట్టూ తిరుగుతుంటే దూరం నుంచి మనకు అలా ఒక్కటిగా కనిపిస్తుందనీ అందులో ఉంది. చదివి, పుస్తకం మూసి, నన్ను జాలిగా చూశాడు.

"ముక్కలు ముక్కలుగా విడిపోయి తిరగతంది. అంటే ఏకిన దూదే గదా. ఈ మాట చెప్పటానికా నువ్వు ఇంత చేశావ్?"

ఆ పుస్తకంలో ఏ దారిన వెళ్ళినా ఆయనకు చివరికి దూదే తగిలేది.

కానీ చూడటం మిగిలే ఉంది. అప్పటికి శనిగ్రహం సూర్యుడి వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ సాయంత్రాల్లో కనపడాలంటే దసరా దాటాలని మాస్టారు చెప్పారు. ఎండాకాలమంతా, వానాకాలమంతా ఎదురుచూశాడు. "ఇంకా రాలేదా మనోడు?" అని దారిన పోయే మాస్టారును ఆపి అడిగేవాడు. కార్తీకమాసంలో ఒక సాయంత్రం మైదానంలో మళ్ళీ దుర్భిణి పెట్టారు. అత్తను కూడా రమ్మని చేయి పట్టి లాగాడు. "ఇంట్లో ఉన్న శని చాలు. ఆకాశంలో ఉన్నదాన్ని కూడా ఎతుక్కుంటా పోవాల్నా? నేను రాను" అని ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు.

వంగి కన్ను పెట్టాడు. ఈసారి కన్ను మార్చలేదు. నులుముకోలేదు. అరుపు లేదు, కేక లేదు. వెనక ఉన్నవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. మాస్టారు ఆయన భుజం తట్టబోతే నేనే వద్దని సైగ చేశాను. చాలాసేపటికి నిటారుగా నిలబడి నావైపు తిరిగాడు. కొత్త కళ్ళ నిండా నీళ్ళు.

"కుట్టు లేదమ్మాయ్" అన్నాడు. "మొత్తం ఎతికా. ఎక్కడా కుట్టు లేదు."

పుస్తకంలో జవాబు చదివేసిన మనిషే. అయినా వెతికాడు. వెతికి, లేదని చూసుకుని, అప్పుడు ఆశ్చర్యపోయాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చే మొహం అదే. ఇంటికెళ్ళి అత్తకు కథలు కథలుగా చెప్పి, "ఒకసారి చూడవే, నీకు చూపిస్తా" అంటూనే ఉన్నాడు. ఆమె రేపనీ, ఎల్లుండనీ అంటూనే ఉంది.

ఈ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పరుపు కుడుతూ, నీళ్ళు తాగొస్తానని లేచి, అరుగు మీదే ఒరిగిపోయాడు. సగం కుట్టిన ఆ పరుపును తర్వాత పెద్ద కొడుకు పూర్తి చేశాడు. వేరే సూదితో చేశాడు. మామ సూది ఎంత వెతికినా దొరకలేదు.

మొన్న శుక్రవారం అత్త చేతిలో పుస్తకం పెడితే, అది దానంతటదే శనిగ్రహం పేజీ దగ్గర తెరుచుకుంది. ఆయన గుర్తుగా పెట్టిన దూది పింజె ఇంకా అక్కడే ఉంది. నేను ఎన్నోసార్లు ఆ పుస్తకం దులిపాను. ఆ పేజీ మాత్రం దులపలేదు. అత్త పింజెను తీయకుండా, పక్కనున్న బొమ్మను వేలితో నిమిరింది.

"ఇదేనా? దీనికోసమేనా అంత గోల చేసింది?"

"ఇదే."

"ఆ మాస్టారు గొట్టం మళ్ళా ఎప్పుడు పెడతాడు అమ్మాయ్?"

వెంటనే మాస్టారుకు ఫోను చేశాను. ఆదివారం సాయంత్రం పెడుతున్నామన్నారు. "కానీ మేడం, ఈ ఏడాది ఆ వలయాలు మనవైపు అంచుగా తిరిగున్నాయి. పళ్ళెం పక్కనుంచి చూసినట్టే. సన్నగా గీతలా కనపడతాయంతే. బొమ్మలో ఉన్నట్టు ఉండదు" అన్నారు. నాకు ఉసూరుమనిపించింది. ఇన్నాళ్ళకు ఆమె మనసు పెట్టి అడిగిందే, ఇప్పుడే తిరగాలా అవి? మళ్ళీ విచ్చుకునేదాకా ఆగుదామా అని అత్తను అడిగాను. "నాకు రేపు మాపు అనే ఓపిక అయిపోయింది, పోదాం పద" అంది.

ఆదివారం పొద్దు వాలగానే వెళ్ళాం. మైదానంలో పిల్లలు మూగి ఉన్నారు. మాస్టారు అత్తను ముందుకు పిలిచారు. ఆమె కొంగు సర్దుకుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని వంగింది. నేను పక్కన నిలబడి, ఉంగరం ఏదని అడిగితే ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను.

"అమ్మాయ్, ఉంగరం లేదు" అంది అత్త.

"ఈ ఏడు అది పక్కకు తిరిగింది అత్తా. అందుకే..."

"ఉండు." ఇంకాస్త వంగింది. "దూది ఉండ ఉంది. దానికి అడ్డంగా సూది గుచ్చి ఉంది."

అత్త భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని చేయి వేశాను. నవ్వుతోంది.

"ఇల్లంతా ఎతికిచ్చాడు గదమ్మా నా చేత! మంచం కింద ఎతికా, మిషను కింద ఎతికా. చూడు, తీసకపోయి ఎక్కడ గుచ్చిపెట్టాడో!"

వెనక పిల్లలు మా వంతు మా వంతు అని గోల చేస్తున్నారు. అత్త కన్ను తీయలేదు.